చిన్న పని, పెద్ద ఫలకం

కల్వర్టు ఎంతకైందని అడిగితే నేతాశ్రీకి నవ్వొస్తుంది. "లక్షల కోట్ల బడ్జెట్ల కాలంలో ఈ చిల్లర లెక్కలేంటయ్యా?" అంటారు. నిజమే కాబోలు. మరి అదే కల్వర్టు ప్రారంభానికి రిబ్బను, కొబ్బరికాయ, డప్పులు, వీధి పొడుగునా ఫ్లెక్సీలు ఎందుకో! శంకుస్థాపన నాడు ఘనకార్యం, బిల్లు అడిగిన నాడు చిల్లర పని.

ఎంపీ లాడ్స్, అంటే తమ ప్రాంతంలో అభివృద్ధి పనులకు ఎంపీలు సిఫారసు చేసే నిధుల పథకం సంగతే చూడండి. 1993లో మొదలైనప్పుడు తొలి ఏడాదికి ఒక్కో ఎంపీకి 5 లక్షలు. 2011 నుంచి ఏటా 5 కోట్లు (కరోనా కాలంలో కొన్నాళ్లు ఆగాయనుకోండి). బస్ షెల్టరు, బోరు, కమ్యూనిటీ హాలు... అన్నీ చిన్నవే. ఒక్క లోక్‌సభకే 543 మందివి కూడితే ఏడాదికి 2,715 కోట్లు. రాజ్యసభను కలపలేదు, పెద్దల జోలి మనకెందుకు?

పని జరిగినచోట ఖర్చు, మొదలైన తేదీ, పూర్తయిన తేదీ, ఎంపీ పేరు చెక్కిన ఫలకం పెట్టాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. పేరైతే వెళ్లే బస్సులోంచి కూడా కనబడుతుంది. ఖర్చు చదవాలంటేనే భూతద్దం కావాలి.

ఈసారి మీ వీధిలో కొత్త ఫలకం వెలిస్తే, దయచేసి కింది వరుస నుంచి చదవండి.