చక్రం తరఫు సాక్షిని

నన్ను ఎవరూ చూడరు. డాష్‌బోర్డు వెనక, ఏసీ గొట్టం పక్కన, మిగతా వైర్లతో కలిపి టేపు చుట్టేసి ఉంటాను. పైన గులాబీ రంగు తొడుగు, లోపల సన్నటి రాగి పోగులు. స్పీడు పల్సు వైరు అంటారు నన్ను. బండెక్కిన వాళ్లందరికీ తెర తెలుసు, తెరమీద కదిలే బాణం తెలుసు, "ముందు కుడివైపు తిరగండి" అనే గొంతు తెలుసు. విజయవాడ చిట్టినగర్ సొరంగంలో ఆకాశం కనపడకపోయినా ఆ బాణం ఆగకుండా ఎలా కదులుతోందని అడిగినవాళ్లు మాత్రం లేరు. అందుకని నా కథ నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

నా ఉద్యోగం చిన్నది. చక్రాలు ఎంత తిరిగాయో ఆ లెక్క తీసుకెళ్లి తెర వెనకున్న పెట్టెకు అప్పజెప్పడం. ఎటు వెళ్తున్నామో నాకు తెలీదు. ఎంత వెళ్లామో తెలుసు.

మా వంశం పాతదే. అంబాసిడర్లూ పద్మినీలూ నడిపినవాళ్లకు మా తాత గుర్తుండే ఉంటాడు. మీటరు కేబులు అనేవారు. గేరుబాక్సు దగ్గర మొదలై, గొట్టంలో గిరగిరా తిరుగుతూ వచ్చి స్పీడోమీటరు ముల్లుని లేపేవాడు. ఆయన తెగితే ముల్లు సున్నా మీద పడుకునేది. తెగినా బాగుచేయించని ఓనర్లుండేవారు. కిలోమీటర్లు తిరక్కపోతే బండి అమ్మేటప్పుడు నాలుగు రాళ్లు ఎక్కువొస్తాయి కదా! తర్వాత ఆ కేబులు పోయి, గేరుబాక్సు మీదకు ఒక చిన్న సెన్సారు వచ్చింది. లోపల పళ్లచక్రం తిరుగుతుంటే ఇది వోల్టేజీ లేపుతుంది, దించుతుంది. అలా ఒకసారి లేచి పడితే ఒక పల్సు.

జపాను వాళ్లు మా తాత వేగానికి ఒక లెక్క పెట్టారు. బండి గంటకు 60 కిలోమీటర్లు పోతుంటే కేబులు నిమిషానికి 637 చుట్లు తిరగాలి. అంటే కిలోమీటరుకు 637 చుట్లు. సెన్సారు చుట్టుకు 4 పల్సులిస్తే కిలోమీటరుకు 2,548. ఒక్కో పల్సుకీ బండి 39 సెంటీమీటర్లు జరిగినట్టు, మూరకు కాస్త తక్కువ. అన్ని కంపెనీల బళ్లకూ ఇదే లెక్క కాదు గానీ, నా పని మూరలు కొలవడమేనని అర్థమైతే చాలు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కార్లలో దారి చూపే యంత్రాలు ఉపగ్రహాలతో మొదలవలేదు. 1981లో హోండా కంపెనీ జపానులో ఎలక్ట్రో జైరోకేటర్ అని ఒకటి తెచ్చింది. లోపల మలుపుని పట్టే ఒక జైరో, చక్రం నుంచి దూరం లెక్క, తెర ముందు పారదర్శకమైన మేప్ కాగితం, అంతే సరంజామా. 1985లో అమెరికాలో ఈటాక్ అనే కంపెనీ చక్రాలకు సెన్సార్లు, బండికి దిక్సూచి పెట్టి, మేపులు క్యాసెట్లలో అమ్మింది. ఆ రెండింటికీ ఆకాశంతో పని లేదు. జీపీఎస్ పూర్తిస్థాయిలో పనిలోకి వచ్చింది 1995లో. మామూలు జనానికి అందే సంకేతాన్ని అమెరికా కావాలని మసక చేయడం మానుకుంది 2000 మే నెలలో. అప్పట్నుంచి జనానికి ఆకాశం మీద గురి కుదిరింది, చక్రం సంగతి మరుగునపడింది.

నేను ఆటోనగర్‌లో ఈ బండిలోకి వచ్చాను. జవహర్ ఆటోనగర్ తెలియని డ్రైవరు కోస్తాలో ఉండడు. ఒక షెడ్డులో లారీ బాడీ కడుతుంటారు, పక్క షెడ్డులో గేరుబాక్సు విప్పి నేలమీద పరుస్తారు, ఆ పక్కన కార్లకు సెట్లు బిగిస్తారు. మా ఓనరు పసుపు ప్లేటు సెడాను నడిపే ట్యాక్సీ డ్రైవరు. కొత్త నేవిగేషన్ సెట్టు అట్టపెట్టెతో సహా చంకలో పెట్టుకుని వచ్చాడు. అందులో మడతపడి ఉన్నాను నేను.

షెడ్డులో మేస్త్రి దగ్గర పనిచేసే కుర్రాడు అరగంటలో పని కానిచ్చేశాడు. కరెంటుకు పసుపు, తాళానికి ఎరుపు, ఎర్తుకు నలుపు, స్పీకర్లు, యాంటెన్నా. తెర వెలిగింది, మేప్ వచ్చింది.

"మేస్త్రీ, అయిపోయింది. ఈ గులాబీ వైరు మిగిలింది. టేపు కొట్టి లోపలికి నెట్టెయ్యనా?"

"నెట్టావంటే ఆ టేపు నీ మూతికి చుడతా. ముందు జాకీ తీసుకురా."

"అది లేకపోయినా మేప్ వస్తోందిగా బాబాయ్?" అన్నాడు మా డ్రైవరు, భోజనాల వేళ దాటిపోతోందన్న ఆత్రంతో.

"బెంజి సర్కిల్ దాకా వస్తుందిరా. సొరంగంలోకెళ్లి చూడు, అప్పుడు తెలుస్తుంది."

నా పుట్టుక ఆ మాటతోనే జరిగిందనుకుంటాను. నా తోటివాళ్లలో చాలామంది ఆ టేపు చుట్టుకుని, ఏ బండిలోనో, ఒక్క పల్సు కూడా ఎరగకుండా బతుకు వెళ్లదీస్తున్నారు.

మేస్త్రి చేసిన పని చెప్పి తీరాలి. బండి న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రాలకు ఇటుకలు అడ్డంపెట్టి, ముందు చక్రాల్లో ఒక్కటే గాలిలోకి లేపాడు. "రెండూ లేపితే ఒకటి ఇటు తిప్పినప్పుడు రెండోది అటు తిరుగుద్ది. గేరుబాక్సులో లెక్క కదలదు" అని కుర్రాడికి చెప్పాడు. మీటరు వెనకున్న కప్లరు బయటికి లాగి, మల్టీమీటరు నల్ల పిన్ను ఎర్తుకు పెట్టి, ఎర్ర పిన్నుతో ఒక్కో వైరూ తడుముతూ పోయాడు. కుర్రాడు చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతున్నాడు. ఒక వైరు దగ్గర అంకె సున్నా నుంచి 5కి ఎగిరింది, మళ్లీ సున్నాకి పడింది, మళ్లీ 5. "ఇదేరా" అన్నాడు మేస్త్రి.

ఆ వైరుని తెంపలేదు. తొడుగు వేలెడంత గీరి, నా రాగి పోగుల్ని దాని చుట్టూ మెలిపెట్టి, సాల్డరింగు చేసి, స్లీవు తొడిగి వేడి చూపించాడు. పక్కనున్న పసుపు తొడుగు వైర్ల జోలికి చెయ్యి పోనివ్వలేదు, అవి ఎయిర్‌బ్యాగువి. ఆ సెన్సారు మాట మీటరుకూ కావాలి, ఇంజను కంప్యూటరుకూ కావాలి. నేను పక్కన కూర్చుని వింటాను తప్ప వాళ్ల కరెంటు తాగను. కానీ నా జాయింటు ఊడి బాడీకి తగిలిందంటే మాత్రం మీటరు ముల్లు చచ్చినట్టు పడిపోతుంది. అందుకే మేస్త్రికి అంత జాగ్రత్త.

నా పక్కవాళ్లని కూడా పరిచయం చేస్తాను. ఊదారంగు వైరు రివర్సు లైటు దగ్గర్నుంచి వస్తుంది. చక్రం ముందుకు తిరిగినా వెనక్కి తిరిగినా నాకు పల్సు ఒకటే కాబట్టి, బండి వెనక్కి పోతోందని పెట్టెకు చెప్పేది వాడే. లేత ఆకుపచ్చ వైరు హ్యాండ్‌బ్రేకుది. బ్రేకు వేసి ఉంటేనే తెరమీద సినిమా రావాలని రూలు. చాలా షాపుల్లో వాణ్ని తీసుకెళ్లి ఎర్తుకి కొట్టేస్తారు, బండి నూరుమీద పోతున్నా ఆగే ఉందని చెప్పించడానికి. మా డ్రైవరూ అడిగాడు. "సినిమా చూడాలంటే ఇంటికి పో" అన్నాడు మేస్త్రి.

బిగించగానే నా మాట పెట్టెకు అర్థం కాలేదు. ఒక పల్సంటే ఎంత దూరమో దానికి తెలియాలి కదా. గన్నవరం దాకా హైవే మీద తిప్పారు. ఆకాశం బారుగా తెరుచుకుని ఉన్నచోట ఉపగ్రహాలు చెప్పిన దూరాన్ని నా పల్సులతో భాగించుకుంటూ, తిరిగొచ్చేసరికి లెక్క కుదుర్చుకుంది. టైరు అరిగినప్పుడూ ఇలాగే దిద్దుకుంటుంది. చక్రం వ్యాసార్థం 310 మిల్లీమీటర్లుంటే, 6 మిల్లీమీటర్ల రబ్బరు అరిగేసరికి చుట్టుకొలత దాదాపు నూటికి 2 వంతులు తగ్గుతుంది. వంద కిలోమీటర్లు నడిస్తే నూట రెండని చెప్తాను నేను. ఆ అతిశయోక్తిని ఉపగ్రహం కోస్తుంది.

ఇక సొరంగం. చిట్టినగర్ వైపు నుంచి కొండలోకి దూరగానే ఉపగ్రహాలు ఒక్కసారిగా మాయం. అవి 20 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి పంపే సంకేతం రాయిని చీల్చుకుని లోపలికి రాదు. ముందు ఆటో ఆగింది, మేమూ ఆగాం. నేను లేని సెట్టయితే, ఇందాకటి వేగంతోనే పోతున్నామనుకుని బాణాన్ని అవతలి విద్యాధరపురం రోడ్డు మీదకు తోసేసేది. నేను పల్సు ఆపాను, బాణం ఆగింది. ఆటో కదిలింది, బాణమూ కదిలింది. వెలుగులోకి వచ్చేసరికి ఉపగ్రహం చెప్పిన చోటూ నేను చెప్పిన చోటూ కలిశాయి. "ఓరి దీని!" అన్నాడు డ్రైవరు. ఆ మెప్పు తెరకే దక్కిందనుకోండి.

సొరంగం అందరికీ కనిపించే పరీక్ష. అసలు పరీక్ష డెల్టాలో ఉంది. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలు చీలి ఊళ్లమీదుగా పోతుంటాయి, గట్ల మీద రోడ్లు. చాలాచోట్ల ఈ గట్టు మీదొకటి, ఆ గట్టు మీదొకటి. కొబ్బరిచెట్ల నీడలో ఉపగ్రహం లెక్క పది మీటర్లు అటూ ఇటూ ఊగిందంటే బాణం కాలువ దాటేసి అవతలి గట్టెక్కుతుంది. "యూటర్న్ తీసుకోండి" అని గోల మొదలెడుతుంది. అక్కడ నేనూ, పెట్టెలోనే ఉన్న జైరో కలిసి సాక్ష్యం చెప్తాం. మలుపు తిరగలేదని జైరో అంటుంది, వంతెన దూరం నడవలేదని నేనంటాను. మరి కాలువ ఎలా దాటుతుంది? బాణం గమ్మున ఈ గట్టుకి వస్తుంది. 2020లో ఇంద్రకీలాద్రి పక్కన కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచాక ఇంకో చిక్కు వచ్చింది. ఒక పక్క కొండ, ఆకాశం సగమే. పైన ఫ్లైఓవర్, కింద రోడ్డు, రెండూ ఒకే దారిన. ఎంత నడిచామో చెప్పగలను గానీ పైన నడిచామో కింద నడిచామో నాకేం తెలుసు? ఎక్కుడు వాలుని పట్టే జైరో ఉంటే అది చెప్పాలి.

ఇంతవరకూ విని, నన్ను సత్యహరిశ్చంద్రుణ్ని అనుకోకండి. నేను చెప్పేది చక్రం మాట. చక్రం మాటా నేల మాటా ఎప్పుడూ ఒకటి కావు. దాళ్వా నాట్ల రోజుల్లో ఒక పొలంబాటలో బండి దిగబడితే, చక్రం అక్కడే సుళ్లు తిరుగుతోంటే నేను మాత్రం మీటర్లకు మీటర్లు నడిచేశామని రాసుకుంటూ పోయాను. ఎగువన కృష్ణ దాటడానికి బల్లకట్టు ఎక్కినప్పుడు దీనికి తలకిందులు. చక్రం కదల్లేదు, నేను ఆగామన్నాను. నది మధ్యకు వచ్చేశాం! రెండుసార్లూ నన్ను దిద్దింది ఉపగ్రహమే. సొరంగంలో అది నోరు మూసుకుంటే నేను మాట్లాడతాను, బురదలో నేను పొరబడితే అది సరిచేస్తుంది. ఒక్క సాక్షి మీద తీర్పు రాయకుండా ఇద్దర్నీ నిలబెట్టి అడిగే పెట్టెనే మంచి నేవిగేషన్ అంటాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడింది. అవే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. మా బండి ఆ నీళ్లలో సీట్ల దాకా మునిగింది. నీరు తీశాక సీట్లు విప్పి ఎండబెట్టారు, ఆయిళ్లు మార్చారు, తివాచీలు పారేశారు. మేస్త్రి వేసిన స్లీవు లోపల నా జాయింటు చెక్కుచెదరలేదు. చెడింది గేరుబాక్సు మీద సెన్సారు కప్లరు. లోపలి పిన్నులకు పచ్చటి చిలుము పట్టింది. వెంటనే కాదు, కొన్నాళ్లకు మీటరు ముల్లు వణకడం మొదలైంది. నాకు అందే పల్సులు మధ్యమధ్య తప్పిపోతున్నాయి. సొరంగం దాటి రోడ్డెక్కినా బాణం ఇంకా చీకట్లోనే ఉండేది.

సెట్టు పోయిందన్నారు కొందరు, కొత్తది కొనమన్నారు. మా డ్రైవరు తిన్నగా ఆటోనగర్ వెళ్లాడు. మేస్త్రి తెర వంక చూడనే లేదు. వణుకుతున్న ముల్లు చూసి, కిందకి దూరి, కప్లరు విప్పి, క్లీనరు కొట్టి, పిన్నులు బిగించి, గ్రీజు రాశాడు. పెట్టెలో పాత లెక్క చెరిపేసి మళ్లీ హైవే మీదకు తోలాడు.

కొత్త బళ్లలో నాలాంటి వైరు దొరకడం కష్టమవుతోంది. ఏబీఎస్ కోసం చక్రాల దగ్గరే సెన్సార్లు, వాటి లెక్కలు క్యాన్ అనే జంట తీగల మీద సందేశాలుగా పోతాయి. 1986లో బాష్ కంపెనీ లోకానికి చూపించిన పద్ధతి అది. అక్కడ మల్టీమీటరు పెడితే ఏమీ బోధపడదు, సందేశాన్ని విప్పి పల్సుగా మార్చే డబ్బా ఒకటి కొనాలి. ఆకాశంలోనూ చుట్టాలు పెరిగారు. మన శ్రీహరికోట నుంచే 2013, 2016 మధ్య నావిక్ ఉపగ్రహాలు లేచాయి. సంతోషమే. అయినా సొరంగంలోకి ఏ దేశపు ఉపగ్రహమూ తొంగిచూడదు. క్యాన్ మీద పోయినా, నా గులాబీ తొడుగులో పోయినా, అక్కడ పలికేది చక్రం లెక్కే.

కాబట్టి ఈసారి బండికి సెట్టు పెట్టిస్తే మేప్ రాగానే డబ్బు లెక్కపెట్టకండి. "గులాబీ వైరు ఎక్కడ కలిపావు?" అని అడగండి. "అది అక్కర్లేదండీ" అన్నాడనుకోండి, అక్కడే ఇంకో షెడ్డు చూసుకోండి. ఆటోనగర్‌లో షెడ్లకేం తక్కువ!