కల్పనకు రుజువులు, సొంతూరికి పుకార్లు

‘వన్ పీస్’ అనే జపాన్ బొమ్మల కథ (మాంగా)లో ప్రపంచ ప్రభుత్వం చెరిపేసిన వందేళ్ల చరిత్ర గురించో, సూర్యదేవుడు నికా గురించో కుర్రాడెవడైనా ఊహ చెబితే ‘ఏ అధ్యాయం, ఏ బొమ్మ?’ అని తోటివాళ్లు నిలదీస్తారు. భేష్! అదే నిడదవోలు కోట సత్తెమ్మ తల్లి ‘వెయ్యేళ్ల రహస్యం’ వాట్సాప్‌లో వస్తే ఏ శాసనమని అడిగే నాథుడుండడు. పది గ్రూపులకు తోసేస్తారు. ఊరికి అసలు చరిత్ర లేకా కాదు: కాకతీయ రాణి రుద్రమదేవి భర్త చాళుక్య వీరభద్రుడిది ఈ ఊరే. ఆమె మరణం సంగతి తేల్చింది 1289 నాటి చందుపట్ల శాసనం, ఫార్వర్డు కాదు.

‘భక్తికి రుజువులేమిటండీ?’ అంటారు. అక్కర్లేదు, దణ్ణం పెట్టుకోండి. కానీ తేదీలూ రాజుల పేర్లూ చెప్పడం మొదలెట్టాక అది చరిత్ర, ఆధారం చూపాల్సిందే. మాంగాలో ఆ చెరిపేసిన చరిత్ర కోసం రాతిపలకలు చదివినందుకు ఓహారా పండితులు ప్రాణాలే పోగొట్టుకున్నారు. మనవాళ్లు అంత త్యాగం చెయ్యక్కర్లేదు. గుడిగోడ శాసనాలకు సున్నం కొట్టకుండా ఉంటే చాలు.