పోయినేటి వాన

జాతీయ రహదారి మీద రాజమహేంద్రవరం దాటి రావులపాలెం వైపు వెళ్తుంటే వేమగిరి నుంచీ దారికి రెండు పక్కలా నర్సరీలే. కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక, లోపలికి వెళ్తే వీరవరం, దుళ్ళ. ఊళ్ళకి ఊళ్ళే మొక్కలు అమ్ముకుని బతుకుతున్నాయి. కారాపి దిగినవాళ్ళు మొక్కలతో ఫొటోలు దిగుతారు. ఆ మొక్కల్ని పాతడానికీ, కత్తిరించడానికీ, తడపడానికీ కావలసిన ఇనుమూ ప్లాస్టిక్కూ అమ్మే రేకుల షెడ్డు వైపు చూసేవాడు ఉండడు. ఆ షెడ్డులో పారల వరస కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, రోడ్డుని కాక ఆకాశాన్ని చూస్తూ కూర్చున్నాయనే మన బాబాయి. పేరు చెప్పను. ఈ రోడ్డు పొడుగునా ఇలాంటి బాబాయిలున్నారు, ఏ పేరు రాసినా నలుగురు వచ్చి "నా గురించే కదా రాశారు" అంటారు.

పనిముట్లు అమ్మేవాడికి మొక్కల గురించి తెలిసుంటుందని జనం అనుకుంటారు. బాబాయికి తెలియదు. తెలియదన్న సంగతి దాచుకోడు కూడా. "మొక్క సంగతి పక్కన నర్సరీలో అడగండి. నాది ఇనుమండి ఆయ్" అంటాడు. ఒకావిడ కట్టరు కొని, గులాబీ కొమ్మ ఎంతవరకూ కత్తిరించమంటారు అని అడిగింది. బాబాయి కట్టరు చేతిలోకి తీసుకుని రెండుసార్లు తెరిచి మూసి, "చిటికెన వేలంత లావు దాకా తెగుతుందమ్మా, అంతకు మించితే స్ప్రింగు పోద్ది" అన్నాడు. ఆవిడ అడిగింది కొమ్మ క్షేమం, ఈయన చెప్పింది కట్టరు క్షేమం.

మనుషుల్ని ఆయన రెండు జాతులుగా విడదీశాడు. కామ కొనేవాళ్ళు, పార కొనేవాళ్ళు. కామ కొనడానికి వచ్చినవాడు తాత కాలం నాటి పారముక్క సంచిలో పెట్టుకొస్తాడు, పది కామలు తిరగేస్తాడు, ఒక్కోటీ కంటికి ఆనించి వంకర చూస్తాడు, చివరికి మొదటిదే తీసుకుంటాడు. పార కొనేవాడు హైదరాబాదు నుంచి వచ్చుంటాడు, "లైట్ వెయిట్‌లో ఉందా?" అంటాడు. బాబాయి గౌరవం మొదటి జాతి మీద, లాభం రెండో జాతి మీద.

ఇక అసలు జబ్బు. బాబాయి ప్రతి ఏడూ పోయినేడాది వానకి సరుకు తెస్తాడు.

తప్పు పూర్తిగా ఆయనది అనలేం, వ్యాపారం తీరే అలాంటిది. లూధియానా ఏజెంటు ఫిబ్రవరిలో దిగుతాడు. అప్పుడు ఆర్డరు పెడితే ధరలో కాస్త తగ్గింపు, లారీ బాడుగలో కాస్త ఓదార్పు. సరుకు వేసవిలో చేరాలి, మృగశిర కార్తెకి గోడకి వేలాడాలి, శ్రావణం దాటేలోపు అమ్ముడుపోవాలి. వాతావరణ శాఖవారే నైరుతి మీద తొలి అంచనా ఏప్రిల్లో గానీ చెప్పరు. ఫిబ్రవరి ఎండలో కూర్చుని జూలై వాన ఎంతో చెప్పమంటే బాబాయి ఎవర్ని అడగాలి? అందుకని తనకి గుర్తున్న వానని అడుగుతాడు. ఆయనకి గుర్తుండేది కిందటేడు వానే.

2022 జూలైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. నీరు తీశాక లంక తోటల్లో ఒండ్రు ఎత్తిపోయడానికి జనం పారలకీ గమేళాలకీ ఎగబడ్డారు. బాబాయి దగ్గర రెండు రోజుల్లో అయిపోయాయి. మూడో రోజు నుంచి వచ్చినవాళ్ళని వెనక్కి పంపుతుంటే ఆయన పడ్డ బాధ అంతా ఇంతా కాదు. ఆ బాధతోనే 2023లో షెడ్డు నిండా పారలు దించాడు. ఆ ఏడు ఆగస్టు, దేశం మొత్తం మీద చూస్తే 1901 నుంచి లెక్కల్లో ఉన్న ఆగస్టులన్నింటిలోకీ పొడిది. నేల గునపానికే లొంగనప్పుడు పార ఎవడు కొంటాడు? వచ్చినవాడల్లా పైపు అడిగాడు. బాబాయికి ఎల్ నినో అన్న మాట ఆ నెలలోనే వచ్చింది, ఇంట్లో దొంగ పేరు పలికినట్టు పలికేవాడు. 2024కి పైపు చుట్టలూ, షేడ్ నెట్టూ, స్ప్రింక్లర్లూ తెచ్చాడు. దేశంలో మామూలు కన్నా ఎనిమిది శాతం ఎక్కువ కురిసింది.

2025కి తెలివొచ్చింది. వేసవికి పైపులు, తొలకరికి పారలు, రెండూ సమానంగా చెప్పాడు. ఆ ఏడు నైరుతి మే 24నే కేరళ ఎక్కేసి, రోజుల వ్యవధిలో మనల్ని పట్టుకుంది. రోళ్ళు పగలాల్సిన రోహిణిలో కప్పలు అరిచాయి. పైపులకి బేరం పోయింది. పారల లారీ అప్పటికి నాగపూర్ దాటలేదు. "లారీ కన్నా రుతుపవనం ముందొచ్చిందండి" అని బాబాయి అందరికీ చెప్పుకున్నాడు. ఆయన గోడౌనులో మిగిలిన సరుకు చూస్తే ఏ ఏడు ఏ వాన రాలేదో చెప్పేయొచ్చు.

వానతో ఆయన రాజీపడగలడు. ఢిల్లీతోనే పడలేకపోతున్నాడు. దేశంలో పెద్ద నిర్ణయం ఏదైనా తన సీజను చూసుకునే తీసుకుంటారని బాబాయి గట్టి నమ్మకం. ఆధారాలు కూడా ఉన్నాయి. పెద్దనోట్లు రద్దయింది 2016 నవంబరు 8న, చలికాలపు పూలమొక్కలు కదిలే కార్తీకంలో. జీఎస్టీ వచ్చింది 2017 జూలై 1న, సరిగ్గా ఆరుద్ర కార్తెలో, షాపులో జనం నిలబడి ఉండగా. లాక్‌డౌన్ మొదటి రోజు 2020 మార్చి 25, ఉగాది, పైపుల సీజను ముఖద్వారం. అయితే లాక్‌డౌన్ ఒక మేలు చేసింది, ఇళ్ళలో కూర్చున్నవాళ్ళు మిద్దెల మీద టమాటాలు వేశారు. చిన్న పారా, చిన్న ఫోర్కూ, చిన్న బొరిగా కలిపిన మూడు ముక్కల సెట్టుకి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. బాబాయి వాటిని బొమ్మ పారలంటాడు. ఆ మరుసటేడు బొమ్మ పారలు పెట్టెలకి పెట్టెలు తెప్పించాడు. ఈలోగా మిద్దె రైతులు ఆఫీసులకి వెళ్ళిపోయారు.

2025 సంగతి మరీ విడ్డూరం. ఆగస్టు 15న ఎర్రకోట మీంచి పన్నులు తగ్గుతాయని ప్రధాని అన్నారు. స్ప్రేయర్ల మీద 12 శాతం ఉన్నది 5కి దిగుతుందని తేలేసరికి కొనేవాళ్ళంతా "అప్పుడే తీసుకుందాంలెండి" అని ఆగిపోయారు. సెప్టెంబరు 22న తగ్గింది. ఆ రోజే దసరా నవరాత్రులు మొదలు. మొదటి బోణీకి వచ్చినాయన స్ప్రేయరు తగ్గింపు తీసుకుని, పార మీద కూడా తగ్గించమన్నాడు. పార, కొడవలి, కట్టరు లాంటి చేతి పనిముట్లకి జీఎస్టీ మొదటినుంచీ సున్నాయే.

"దీనికి పన్నే లేదండి."

"పోనీ ఆ పన్ను లేనిదేదో తీసేసి చెప్పండి."

ఇందులో బాబాయికి మాత్రమే నొప్పి తెలిసిన ముడి ఒకటుంది. అమ్మే సరుకు మీద పన్ను లేదు కాబట్టి, ఆ సరుకు కోసం దారిలో బాడుగ మీదా అట్టపెట్టెల మీదా కట్టిన పన్ను ఆయనకి వెనక్కి రాదు. ఆడిటరు దీన్ని ఏటా వివరిస్తాడు. బాబాయి ఏటా శ్రద్ధగా విని, "అంటే సున్నా కూడా మనమే కట్టాలన్నమాట" అంటాడు. ఆడిటరు కన్నా బాగా చెప్పాడని నా అభిప్రాయం.

ధరలు పెరగడం గురించి ఆయన దగ్గర కూర్చుంటే భూగోళం మొత్తం తిరిగి రావచ్చు. విశాఖ దాటి ఉత్తరానికి వెళ్ళని మనిషి. అయినా పైపు ప్లాస్టిక్కుదనీ, ప్లాస్టిక్కు ముడిచమురుదనీ, ముడిచమురు ఎవరి గొడవల్లో ఉందో అనీ గడగడా చెప్తాడు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైనప్పుడు ఈ రోడ్డు మీద అందరికన్నా ముందు కలవరపడింది ఆయనే. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఓడ అడ్డం పడితే గడ్డి కోసే మిషన్ల ధర పెంచేశాడు. అవి చైనా నుంచి వస్తాయి కదా, సూయజ్‌తో పనేమిటి అని ఒక కాలేజీ కుర్రాడు అడిగాడు. బాబాయి జాలిగా చూసి, "ఓడలన్నీ ఒకదానికొకటి చుట్టాలు బాబూ" అన్నాడు. కంటెయినర్లు ఒకచోట ఇరుక్కుంటే ఇంకోచోట కరువొస్తుందని తర్వాత పేపర్లు కూడా రాశాయి. చుట్టరికం అబద్ధం కాదు.

ఊళ్ళో సరుకూ అంతే. బొరిగలూ కొడవళ్ళూ ఆయన కొలిమి దగ్గర చేయిస్తాడు, పాత లారీల కమాను పట్టీలతో. ఆ ఉక్కుకి పదును నిలుస్తుంది. పాత ఇనుము రేటు కొత్త ఇనుము రేటు వెంట పరిగెడుతుంది, బొగ్గు దానికదే పెరుగుతుంది, కొలిమి మీద కూర్చునే కమ్మరి కొడుకు టైర్ల షాపులో చేరిపోయాడు. ఇవన్నీ కలిసి బొరిగ ధర పెంచమంటాయి. పెంచాలంటే బాబాయికి గుండె చాలదు, ముఖం తెలిసినవాళ్ళు కొనే వస్తువది. అందుకని పెంచాల్సినదంతా బొమ్మ పారల మీద వేస్తాడు, అవేమో కదలవు.

ధర మార్చాలంటే ఆయన పాత స్టిక్కరు పీకడు, దాని మీదే కొత్తది అంటిస్తాడు. కట్టర్లు కొన్నింటికి పిడి మీద అంగుళం మందాన చరిత్ర పేరుకుపోయింది. ఒకాయన, రిటైరైన లెక్కల మాస్టారు, కుర్చీ వేయించుకుని కూర్చుని గోటితో ఒక్కో పొరా తీస్తూ వెళ్ళి అడుగున ఉన్న ధర చూపించి "ఇదీ అసలు రేటు" అన్నాడు. బాబాయి వణికిపోయాడు. "అది మీరు సర్వీసులో ఉన్నప్పటి రేటండి. అప్పటి జీతం ఇప్పుడు తీసుకుంటారా?" అన్నాడు. మాస్టారు మధ్యలో ఒక పొర దగ్గర రాజీకొచ్చాడు.

డబ్బు రాకడ ఇంకో ప్రహసనం. చిన్న పరిశ్రమ దగ్గర సరుకు కొంటే 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నాటి చట్టం. లూధియానా వాళ్ళది చిన్న పరిశ్రమ. 46వ రోజు పొద్దున్నే ఫోను వస్తుంది. బాబాయి అమ్మేది నర్సరీలకి, అరువు మీద. ఆ 45 రోజుల కవచం తయారుచేసేవాళ్ళకుంది గానీ కొని అమ్మేవాడికి లేదు. చట్టం దృష్టిలో ఆయన చిన్న పరిశ్రమ కాడు, మనం చూస్తే పెద్ద వ్యాపారీ కాడు. నర్సరీ ఆసామిని అడిగితే "లోడు వెళ్ళనీ బాబాయ్" అంటాడు. లోడు పూణే వెళ్తుంది. తర్వాత "డబ్బు రానీ" అంటాడు. సంక్రాంతికి సగం వస్తుంది, మిగతా సగానికి ఒక అరెకా పామ్ కుండీ ఇచ్చి దండం పెడతాడు. మొక్కలతో తనకి సంబంధం లేదనే మనిషి షెడ్డు ముందు అంత పచ్చగా ఉండటానికి కారణం ఈ వసూళ్ళే.

ఫోను చూపించి బేరమాడే కొత్త తరం ఒకటి తయారైంది. "ఇదే కత్తెర ఆన్‌లైన్లో ఇంత" అని ముఖం మీద పెడతారు. "తీసుకోండి బాబూ, మంచి రేటే" అంటాడు బాబాయి పౌరుషం చంపుకుని. నెల తిరక్కుండా అదే కుర్రాడు అదే కత్తెర మొద్దుబారిందని ఇక్కడికే తెస్తాడు. బాబాయి ఆకురాయి తీసి కూర్చుంటాడు. పదును పెడుతూ ఆ ఉక్కుని తిడతాడు, స్ప్రింగుని తిడతాడు, ఫోనుని తిడతాడు. "ఎంతివ్వమంటారు?" అంటే మాత్రం "దీనికేముందండి ఆయ్" అంటాడు. వ్యాపారం ఎలా చేయకూడదో నేర్చుకోవాలంటే ఆ నిమిషం చాలు. ఆ కుర్రాళ్ళు మళ్ళీ వస్తారు మరి, కామల కోసం.

గిరాకీ లేని నెలల్లో పని లేదనుకోవడం పొరపాటు. ఈ గోదావరి తేమకి ఇనుము పొడిగా నిలవదు. మెకానిక్ షెడ్డు నుంచి వాడేసిన ఇంజనాయిల్ డబ్బాతో తెచ్చుకుని పారలన్నింటికీ పట్టిస్తాడు. 2023 నాటి పారలు ఇప్పటికే మూడు స్నానాలు చేశాయి.

నాలుగేళ్ళ కిందట రోడ్డుకి అవతలి పక్క ఇంకో పనిముట్ల షాపు వెలిసింది. పాతికేళ్ళ కుర్రాడు. బాబాయి మొదట ముఖం మాడ్చుకున్నాడు గానీ కుర్రాడి మర్యాదకి కరిగిపోయాడు. ఏ ఏడాదీ తప్పకుండా మాఘమాసంలో వచ్చి, స్టూలు మీద వినయంగా కూర్చుని, టీ తెప్పించి, "ఈ ఏడు ఏం తెప్పిస్తున్నారండీ బాబాయ్ గారూ?" అని అడుగుతాడు. బాబాయి చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ఆర్డరంతా విప్పి చెప్తాడు. కుర్రాడు తలూపుతూ ఫోనులో రాసుకుంటాడు. వెళ్ళి సరిగ్గా రెండోది తెప్పిస్తాడు. పారల ఏడు వాడి దగ్గర పైపులు, పైపుల ఏడు వాడి దగ్గర పారలు. సీజను మధ్యలో బాబాయి దగ్గరకొచ్చి వెనక్కి తిరిగినవాళ్ళు రోడ్డు దాటితే చాలు. ఈమధ్య వాడు రెండో షట్టరు కూడా అద్దెకి తీసుకున్నాడు.

మొన్న ఆ షట్టరుకి రంగు వేయిస్తుంటే బాబాయి కుర్చీలోంచే చూసి మురిసిపోయాడు. "వృద్ధిలోకొస్తాడండి" అన్నాడు నాతో. "ఈ రోజుల్లో పెద్దవాళ్ళనడిగి వ్యాపారం చేసే కుర్రాళ్ళు ఎక్కడున్నారు చెప్పండి?"