అమీర్‌పేట స్తంభశాసనమునకు టీకా తాత్పర్యములు

అవతారిక:
అమీర్‌పేట మైత్రీవనము చెంతను, ఎస్సార్ నగర్ హాస్టళ్ళకు పోవు దారిలోను కరెంటు స్తంభములకు అంటియుండు ఈ శాసనమునకు ఇదివరకు వ్యాఖ్య లేదు. కర్త పేరు తెలియదు. ఫోన్ నంబరు తెలియును గాని అది తరచు మారును. కాళిదాసునకు మెదకు సీమలోని కొల్చారమునుండి మల్లినాథసూరి దొరికెను. ఈ కవి రాతకు నేను దొరికితిని.

మూలము:
కాలేజీ విద్యార్థులకు సువర్ణావకాశం! పార్ట్ టైమ్ జాబ్. రోజుకు 2 గంటలు. నెలకు 15,000 – 25,000. అనుభవం అక్కర్లేదు. వెంటనే సంప్రదించండి.

ప్రతిపదార్థము:
కాలేజీ విద్యార్థులకు = మెస్ బిల్లు కట్టవలసియుండి, ఇంటికి ఫోన్ చేయుటకు మొగమాటపడువారికి; సువర్ణావకాశం = (స్పష్టము); రోజుకు 2 గంటలు = సిటీ బస్సులో నిలుచుండు కాలము గాక; 15,000 = అతిశయోక్త్యలంకారము; 25,000 = ఆ అలంకారమునకు మరల అలంకారము; అనుభవం అక్కర్లేదు = అనుభవమున్నవాడు ఈ నంబరుకు ఫోన్ చేయడు గనుక; వెంటనే = ఆలోచన పుట్టకమునుపే; సంప్రదించండి = ఆధార్ జెరాక్సు, రెండు ఫొటోలు, రిజిస్ట్రేషన్ ఫీజు పట్టుకొని లిఫ్టు లేని మూడవ అంతస్తునకు రండి.

తాత్పర్యము:
నాయనా, నీకు డబ్బు కావలెను. మాకును కావలెను. మనలో ఒకరి కోరిక తీరును.

విశేషములు:
వాక్యార్థము తెలియుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును ఉండవలెనని తార్కికులందురు. ఆకాంక్ష చదువరియందు దండిగా నున్నది. యోగ్యత అక్కర్లేదని కవియే చెప్పినాడు. సన్నిధి స్తంభస్తంభమునను కలదు. అయినను అర్థము పుట్టదు. ఏలయన, పని యేదో చెప్పు పదము మూలమున లేదు.

లేని పదమును అధ్యాహారము చేసికొనవలెను. ప్రాచీనులు ‘డేటా ఎంట్రీ’ యనిరి. కొందరు ‘టెలికాలింగ్’ అందురు. ‘ఫోన్‌లో వీడియోలకు లైకులు కొట్టుట’ యని నవ్యులు. ఈ నవ్యమతము టెలిగ్రామ్‌లో ప్రబలియున్నది, నాటకమువలె పంచసంధులతో నడచును. లైకునకు కొద్ది రూపాయలు నిజముగనే ఖాతాలో పడుట ముఖసంధి. ‘ప్రీపెయిడ్ టాస్క్’ అను పేర డిపాజిట్ అడుగుట ప్రతిముఖము. వేసిన సొమ్ము వెనుకకు రావలెనన్న మరికొంత వేయుమనుట గర్భము. రూమ్మేటు విని నెత్తి కొట్టుకొనుట విమర్శ. 1930కు ఫోన్ చేసి సైబర్ మోసమని ఫిర్యాదు వ్రాయించుట నిర్వహణము. ఈ ఫోన్ ఎంత త్వరగా చేసిన అంత మేలు. సొమ్ము మరియొక ఖాతాకు దాటకముందే ఆపుటకు వీలుండును.

పని యిచ్చువాడు పనివానినుండి ఫీజు పుచ్చుకొనుట ఏ శాస్త్రమునను లేదు. ఫీజడిగినచోట మెట్లు దిగివచ్చుటయే పాండిత్యము.

మరి నిజమైన పనులెక్కడ? అవి శాసనములకెక్కవు, శ్రుతిరూపమున సంచరించును. రాత్రి తొమ్మిదింటికి సీనియరు వాట్సాప్‌లో ఇట్లు పలుకును: “మామా, రేపు మేడ్చల్ దిక్కు ఫంక్షనుంది. కేటరింగుకు పదిమంది కావాలె. నల్ల ప్యాంటు, షూ ఉండాలె. వస్తవా?” ఇందు పని, చోటు, వేషము అన్నియు చెప్పబడినవి. కూలి యెంతయో అడిగిన చెప్పును. భోజనము ధ్వని.

ఈ కేటరింగు విద్యకు రెజ్యూమే ప్రమాణము కాదు, పంచాంగము ప్రమాణము. మాఘ ఫాల్గుణ వైశాఖములందు ముహూర్తములు కుప్పలు; బిర్యానీ హండాలు మోసి భుజములు వాచును. ఆషాఢము వచ్చిన పని లేదు. మూఢమున శుక్రుడు అస్తమించును, తోడనే బీటెక్ రెండవ సంవత్సరమువాని రీచార్జియు అస్తమించును. గ్రహములు తమ జాతకముపై పనిచేయవని వాదించు హేతువాదులు కేటరింగు బాయ్స్‌లో అరుదు. ముహూర్తమును సెమిస్టరు పరీక్షయు ఒకే తేదీన పడినచో ధర్మసందేహము. వధూవరులు తేదీ మార్చుకొనరు, యూనివర్సిటీ అప్పుడప్పుడు మార్చును. కావున పెండ్లియే బలవత్తరమని కొందరు సీనియర్ల మతము. వారికి బ్యాక్‌లాగులు కలవు.

బైకును లైసెన్సును ఉన్నవాడు డెలివరీకి పోవును. ఇతనిని కంపెనీ ‘పార్ట్‌నర్’ అనును, 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ ‘గిగ్ వర్కర్’ అనును, అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ‘ఓ స్విగ్గీ’ అనును. పెట్రోలు ఇతనిదే, పంక్చరు ఇతనిదే, వానయు ఇతనిదే. హోమ్ ట్యూషన్ చెప్పు అమ్మాయిలకు వాన తక్కువ, అయితే మొదటి నెల ఫీజులో సగము కోసికొను ఏజెన్సీలు కలవు.

పాఠాంతరము:
డల్లాస్ ప్రతిలో ‘రోజుకు 2 గంటలు’ అనుచోట ‘వారమునకు 20 గంటలు, క్యాంపస్‌లోనే’ అని యున్నది. తరగతులు నడచునపుడు ఎఫ్-1 వీసావారికి ఇదియే శుద్ధపాఠము. కొన్ని ప్రతులలో ‘గ్యాస్ స్టేషన్’ అను ప్రక్షిప్తము కానవచ్చును. మనవారిలో పలువురికి అది కంఠస్థమే గాని, పైకి చదువరాదు.