దేవుళ్ళ డ్రైవర్లు

మా అవ్వ ఏ దేవుడితోనూ నేరుగా వ్యవహారం పెట్టుకునేది కాదు. ఆమె కాలంలో పావగడ తాలూకాఫీసులో అమల్దారు దొరను చూడాలంటే ముందు ఆయన జీపు డ్రైవరును మంచి చేసుకోవాలట. ఆ అనుభవాన్నే ఆమె ముక్కోటి దేవతలకూ వర్తింపజేసింది. ప్రతి దేవుడికీ ఒక వాహనం ఉంది కదా, దాని కడుపు నిండితే మన అర్జీ దానంతటదే లోపలికి పోతుందని ఆమె లెక్క. పూజకు పువ్వులు తక్కువైనా సర్దుకునేది. వాహనాల మేత తక్కువైతే మాత్రం ఇల్లు ఎగిరిపోయేది.

మాది తుమకూరు జిల్లా బలసముద్రం. మా పావగడ తాలూకాకు మూడు దిక్కులా ఆంధ్రా, నెత్తిన కర్ణాటక సర్కారు. బళ్ళో కన్నడం, ఇంట్లో తెలుగు. సర్కారుకు అర్జీ కన్నడంలో, దేవుడికి తెలుగులో. కాకులకు రెండూ వచ్చని అవ్వ నమ్మకం.

పావగడ అంటేనే శనేశ్వరస్వామి గుడి. శ్రావణ శనివారాలొస్తే ఎక్కడెక్కడి జనమూ అక్కడే. లోకమంతా శని పేరెత్తితే జడుసుకుంటుంది, మా తాలూకావాళ్ళకు ఆయన మీద చనువెక్కువ. ఆయన వాహనం కాకి కాబట్టి మా ఇంట్లో తొలి సంగటి ముద్ద దానిదే. బడి గంట కొట్టినా సరే, కాకి వచ్చి ముట్టేదాకా మా కంచాల్లో మెతుకు పడదు. ఈ సంగతి కనిపెట్టిన కాకులు మహా తీరిగ్గా వచ్చేవి. మిద్దె మీద ఆరబెట్టిన వడియాలు ఎత్తుకుపోయినా అదిలించరాదు. “ఏడున్నరేళ్ళు పట్టాల్సిన శని నాలుగు వడియాలతో పాయె గదరా, సంతోషించు” అనేది.

ఎలుక వినాయకుడిది. అది రాగుల మూటకు కన్నం వేసినా బోను పెట్టనివ్వలేదు. దాన్ని పిల్లి పట్టుకుంటే మాత్రం అటు తిరిగి కూర్చునేది. “వాళ్ళ వాళ్ళ పంచాయితీ, మనకేల?”

ఒక్క నాగలమడికె దగ్గర ఈ శాస్త్రం చిక్కులో పడింది. కుక్కే ఆది సుబ్రహ్మణ్యం, ఘాటి మధ్య, మా నాగలమడికె అంత్య సుబ్రహ్మణ్యం. అక్కడ స్వామి పాము రూపం. ఆయన వాహనమేమో పామును తినే నెమలి. ఎట్లవ్వా ఇది అని అడిగితే, “పొద్దస్తమానం వాళ్ళిద్దరికీ సర్దిచెప్పుకునే ఆయప్పకు మన కష్టాలు వినే తీరిక యాడుంది? అందుకే నేనేమీ అడిగేది ల్యా, దండం పెట్టి వచ్చేస్తా” అంది.

అన్నిటికన్నా ముందుచూపుతో చేసిన సేవ మా ఎనుముకు. యముడి వాహనం దున్నపోతు. “రేపు నన్ను మోసుకుపోయేది దాని పెనిమిటే గదా. ఇది ఒక మాట చెప్తే కుదుపుల్లేకుండా తీసుకపోతాది” అని తవుడు, తెలగపిండి కలిపి పెట్టేది. మాకు జ్వరమొస్తే గంజి, ఎనుముకు నలతగా ఉంటే ఊరంతటి వైద్యం.

ఇంతలో మా నేలకు సూర్యుడే వచ్చాడు. 2018లో సోలార్ పార్కు మొదలైంది. తిరుమణి, వళ్ళూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు, మా బలసముద్రం, ఈ ఐదూళ్ళలో సుమారు 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. భూమి అమ్మే పని లేదు, మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల గుత్త. వాన మొహం చూసి శెనక్కాయలు వేసి నష్టపోయినవాళ్ళకు అది నికరమైన రాబడి. కానీ బీళ్ళు కంచెలోపలికి పోయాయి. మేసే తావు లేక చాలామంది గొడ్లు అమ్ముకున్నారు. అవ్వ అమ్మనివ్వలేదు. గుత్త డబ్బు చేతికి రాగానే మొదట ఎనుముకు మేత, తర్వాత శనిస్వామికి నువ్వుల నూనె, తర్వాత వీధి కుక్కలకు, అంటే కాలభైరవుడి ఖాతాలో, బన్నులు. మనవళ్ళం నాలుగో వరస.

ఒకనాడు ఆమె పార్కు ఇంజినీరును దారిలో ఆపింది. “సూర్యనారాయణస్వామికి ఇంత నేలిచ్చినాం, బాగుంది. ఆయప్ప ఏడు గుర్రాలకు గడ్డి యాడ వేసినారు నాయనా?”

పాపం, అతను నవ్వుతూనే చెప్పాడు. “గుర్రాలు లేవజ్జీ, అంతా ఆటోమేటిక్.”

“అట్లయితే బండి ఎక్కువ దూరం పోదులే” అని తేల్చేసింది.

అవ్వ ఏ ఆసుపత్రి మంచమూ ఎక్కకుండా నిద్రలోనే పోయింది. ఎనుము సిఫారసు పనిచేసిందని ఊరంతా ఒప్పుకుంది. దినాలనాడు పిండం పెడితే, మంత్రం ముగియకముందే కాకులు దిగాయి. తీరని కోరికలేవీ లేవన్నమాట అన్నారు పురోహితులు. మేం మొహాలు చూసుకున్నాం. వేళకు రావడం ఆ కాకులకు చేతనవునన్న సంగతి మాకు ఆనాడే తెలిసింది.

దేవుడికి దండం పెట్టడం ఎవరికైనా చేతనవుతుంది. రోజూ వాహనాల కడుపు నింపడమే కష్టం. మీరెప్పుడైనా శనివారం పావగడకు వస్తే నూనెతో పాటు పిడికెడు అన్నం కూడా తెచ్చుకోండి. నూనె లోపల ఇవ్వండి, అన్నం బయట వేయండి. మా అవ్వ లెక్క ప్రకారం పనయ్యేది బయటే.