మూడు సెకన్లు

"వస్తావా నాన్నా?" అంది అమ్మ.

తెనాలిలో మా ముందుగదిలో, మంచం మీద దిండుకు ఆనుకుని, ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుంది. తెర మీద శాన్ హోజేలో ఉన్న అన్నయ్య. కళ్లు ఇటే ఉన్నాయి, నోట మాట లేదు. ఒకటి, రెండు, మూడు సెకన్లు.

"పోనీలే, వాడికి పనుంటుంది" అంటూ అమ్మే కాల్ కట్ చేసి ఫోన్ నా చేతిలో పెట్టింది. వెంటనే మళ్లీ మోగింది. అన్నయ్యే. కోపంతో తీయలేదు.

తెల్లారేసరికి అమ్మ లేదు.

పదకొండో రోజు రాత్రి, ఇంటికొచ్చిన అన్నయ్యని ఆగలేక అడిగేశాను. "అమ్మకి జవాబు చెప్పడానికి అంత ఆలోచనా అన్నయ్యా?"

వాడు నివ్వెరపోయాడు. "ఆలోచనేంట్రా? అడిగిన మరుక్షణమే 'బయల్దేరుతున్నానమ్మా' అన్నాను. ఈలోపే కట్టయింది."

అన్నయ్య చేసేది నెట్‌వర్కుల పనే. కాసేపటికి లేచి ల్యాప్‌టాప్ తెరిచాడు. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక చిన్న ప్యాకెట్ వెళ్లి రావడానికి 40 మిల్లీసెకన్లు. పక్కన ఒక పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టి మళ్లీ చూశాడు. 2,900.

గోడకున్న రౌటర్ వైపు చూస్తూ చెప్పాడు. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో, బర్కిలీ ల్యాబ్‌కీ 400 గజాల దూరంలో ఉన్న యూనివర్సిటీకీ మధ్య, సెకనుకు 32,000 బిట్లు వెళ్లే దారిలో 40 బిట్లే వెళ్లాయట. అందని ప్యాకెట్లను కంప్యూటర్లు మళ్లీ మళ్లీ పంపడంతో దారి వాటితోనే నిండిపోయింది. అప్పుడు వాన్ జాకబ్‌సన్ అనే ఆయన కంప్యూటర్లకు తగ్గడం నేర్పాడు: ఒక ప్యాకెట్ పోయిందంటే ముందు రద్దీ ఉన్నట్టు, జోరు తగ్గించాలి. తర్వాత మెమరీ చవకైంది. ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదని రౌటర్ లాంటి పెట్టెల్లో పెద్ద పెద్ద బఫర్లు, అంటే ప్యాకెట్లు వరుసలో ఆగే చోట్లు, పెట్టారు. ఏదీ పోదు కాబట్టి పంపేవాడికి తగ్గాలని తెలియదు, వరుస పెరుగుతూనే ఉంటుంది. 2010లో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు తన ఇంట్లోనే ఈ జబ్బును పట్టుకున్నాడు. 2012లో జాకబ్‌సన్, క్యాథ్లీన్ నికల్స్ మందు కూడా కనిపెట్టారు: వరుసలో ఆగే సమయం 5 మిల్లీసెకన్లు దాటి అలాగే కొనసాగుతుంటే, జాలిపడకుండా ఒక ప్యాకెట్‌ని పారెయ్యాలి. మందు ఉండి కూడా ఇంటింటికీ చేరకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

"అమ్మ మాట ఎక్కడా పోలేదురా. ఈ పెట్టెలోనే వరుసలో నిలబడింది" అన్నాడు. "ఆ సాయంత్రం మనింట్లోంచి ఏం అప్‌లోడ్ అవుతోంది?"

నా గొంతు పెగలడానికి చాలాసేపు పట్టింది. "నా ఫోన్ నిండిపోయింది. అమ్మ వీడియోలు పోకుండా దాస్తున్నాను."

వాడు నన్నేమీ అనలేదు. రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఆ మందును ఆన్ చేసి, పంపే వేగాన్ని లైన్ మోయగలిగినదానికంటే కాస్త తగ్గించాడు. అప్‌లోడ్ నడుస్తూనే ఉంది. 46 మిల్లీసెకన్లు. ఆ అంకెను ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

"ఒరేయ్, కట్టయ్యేలోపు నా మాట అమ్మకి వినిపించిందా?"

"వినిపించిందన్నయ్యా" అన్నాను.