ఒక బయోడేటా పంక్తికి టీకా తాత్పర్యం

మూలం: పత్రములు నాలుగు వందలకు మించును, శాస్త్రములు పెక్కు, అంకె యొకటి.

అవతారిక. ఆచార్య పదవికి దరఖాస్తు రాగానే ఎంపిక సంఘం మొదట పఠించే సూత్రం ఇది; చాలాసార్లు అక్కడితోనే పారాయణం ముగుస్తుంది. వ్యాఖ్యకు ఉదాహరణ కావాలి గనుక కల్యంపూడి రాధాకృష్ణారావు గారిని తీసుకుందాం. 1920లో, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న హడగళిలో, తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, కలకత్తాలో గణాంక శాస్త్రం చదివి, 2023లో నూటరెండేళ్ల వయసులో కన్నుమూశారు. ఆయనకు అంకె తక్కువేమీ కాదు. ఆయన్ని ఎంచుకున్నది అందుకే. అంకె ఘనంగా ఉన్నచోటే అది అసలు సంగతి చెప్పలేదని తేలితే, చిన్న అంకెల గురించి వేరే వాదం అక్కర్లేదు.

ప్రతిపదార్థం. ‘అంకె’ అనగా 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన హెచ్ సూచిక. ఇరవై పత్రాలు ఒక్కొక్కటీ కనీసం ఇరవైసార్లు ఉటంకింపు పొందితే అంకె ఇరవై. ఏ పత్రమైనా, పదివేలసార్లు ఉటంకించినా, ఈ లెక్కలో ఒకటే. ఇప్పుడు రావుగారు పాతికేళ్లు నిండీ నిండని వయసులో 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో వేసిన వ్యాసం చూడండి. పక్షపాతం లేని అంచనా ఎంత తెలివిగా కట్టినా అందులో చెదురు ఇంతకంటే తగ్గదని హద్దు గీసింది. అది క్రామర్-రావు హద్దు. మోటు అంచనాకు సానపట్టే ఉపాయం చెప్పింది. అది రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం. సంభావ్యతల మధ్య దూరాన్ని జ్యామితిగా కొలవవచ్చని చూపింది. దశాబ్దాల తర్వాత అదొక శాస్త్రశాఖగా పెరిగింది. మొదటిదైన హద్దును రాడార్ ఇంజనీర్లూ క్వాంటమ్ భౌతికులూ వాడుతున్నారు. హెచ్ దృష్టిలో ఇదంతా కలిపి ఒకటి. ఈనాటి అధ్యాపకుడైతే దాన్ని మూడు ముక్కలు చేసి మూడు పత్రికలకు పంపేవాడు. తప్పు అతనిది కాదు, అలా నేర్పింది అంకె.

విశేషం. శాస్త్ర పత్రాల ఉటంకింపుల సూచిక అచ్చులోకి వచ్చింది 1960లలో. అప్పటికే ఆ హద్దు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కేసింది. పేరు పరిభాషలో కలిసిపోయాక మూలపత్రాన్ని వెతికేవారుండరు. ఇంజనీరు ‘క్రామర్-రావు’ అని రాసి ఏ పాఠ్యపుస్తకాన్నో ఉటంకిస్తాడు, లెక్క ఆ పుస్తకకర్త ఖాతాలో పడుతుంది. 1948లో రావుగారు చెప్పిన స్కోర్ పరీక్షది ఇంకా చిత్రమైన గతి: అర్థగణిత శాస్త్రంలో అది ఎక్కువగా లగ్రాంజ్ గుణకం పరీక్ష అన్న పేరుతోనే చలామణి అవుతుంది. అంటే ప్రభావం ముదిరేకొద్దీ ఉటంకింపు పలచబడవచ్చు.

‘శాస్త్రములు పెక్కు’ అన్నచోట తగవు మరీ పెద్దది. జాతుల వైవిధ్యాన్ని, వాటి మధ్య తేడాలతో సహా కొలిచే సూత్రాన్ని ఆయన 1982లో ఇచ్చారు. జీవావరణ శాస్త్రజ్ఞులు దాన్ని విరివిగా అందుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. శాస్త్రానికో వేగం ఉంటుంది: వైద్యంలో పత్రాలు జోరుగా వస్తాయి, ఉటంకింపులూ అంతే. గణితంలో రెండూ నింపాదిగా నడుస్తాయి. మదనపల్లెలో టమాటాలనూ పట్టుగూళ్లనూ ఒకే కాటాలో తూచినా ఒకే ధర ఎవరూ కట్టరు. అన్ని శాఖల ఉటంకింపులనూ ఒకే అంకెలో కలిపేవాళ్లు చేస్తున్నది సరిగ్గా అలా ఒకే ధర కట్టడమే.

పూర్వపక్షం. అంకె లేకపోతే మళ్లీ సిఫారసు ఉత్తరాలే గదా, మావాడు మీవాడు అనేగదా? ఈ ఆక్షేపణ బలమైనదే, కొట్టిపారేయను. అండ లేని పిల్లవాడికి అంకె తోడుపడిన సందర్భాలు ఉంటాయి. కానీ అంకెకూ అండ కావాలి: తనను తాను ఉటంకించుకోవడం, మిత్రులు ఒకరినొకరు ఉటంకించుకోవడం సిఫారసుకు కొత్త వేషాలే. ఇక రావుగారు అసాధారణులు, ఆయన్ని చూసి నియమం కట్టకూడదంటారా? అసాధారణులను గుర్తించడానికే గదా కొలబద్ద. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి ప్రకటించినవారు చెప్పింది ఆయన హెచ్ కాదు, ఆ 1945 పత్రంలో ఏముందో.

శేషం. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం లాంటి చోట తెలుగు శాసనాల మీద తెలుగులోనే పుస్తకం రాసే పండితుడికి ఈ సూత్రంలో చోటే లేదు; సూచికలు గాలించేది ఎక్కువగా ఇంగ్లీషు పత్రికలను. అతని బయోడేటాలో సున్నా కనిపించిన సంఘం ఆ పుస్తకం తెప్పించుకుని, ఒక్క అధ్యాయమైనా చదివాకే మార్కు వేయాలి.